మాతో ఒట్టు వేయించుకోని సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మధిర సబ్‌స్టేషన్‌లో పొద్దుటి డ్యూటీకి అప్పుడే ఎక్కాను. ఫోన్ చేసింది ఆమె కూతురు.

"అన్నా, అమ్మ పోయింది," అంది. "తెల్లారంగ. రేపు పదింటికి బూర్గంపాడుల సమాధి. నీకు చెప్పుమని ముందుగాలనే నంబరు రాసిచ్చింది."

ఆ తర్వాత కూడా ఫోన్ పెట్టలేదు. ఆ అమ్మాయి ఊపిరి నాకు వినిపిస్తోంది. ఎవరి ఊపిరి వినబడినా దాని మీదికే మనసు పోవడం నాకు ఎనిమిదేళ్లుగా అలవాటు. ఆ అలవాటు నాకు అంటించింది చనిపోయిన మనిషే.

ఆమె నాకు చుట్టం కాదు. పాల్వంచ దాటాక అడవి అంచున ఉన్న మా ఇంజనీరింగు కాలేజీలో సిక్ రూమ్ నర్సు. అంతకు ముందు చాలా ఏళ్లు బొగ్గు గనుల దవాఖానాలో పనిచేసింది. భర్త బొగ్గు బావిలో దిగే కార్మికుడు. ఆయన ఛాతీ జబ్బుతో పోయాక ఆ ఉద్యోగం మానుకుని, పుట్టిన ఊరు బూర్గంపాడుకు వచ్చి, కూతురితో ఉంటూ రోజూ బస్సులో మా కాలేజీకి వచ్చేది. మేం సిస్టరమ్మా అనేవాళ్లం. ప్రిన్సిపాలు గారూ అలాగే పిలిచేవారు. ఇక్కడా ఆ పిలుపే ఉంచుతాను.

తెల్ల చీర కట్టి, కాళ్లకు మగపిల్లలు ఆటలకు వేసుకునే కాన్వాసు బూట్లు వేసుకునేది. కొత్తగా చేరినవాళ్లు చూసి నవ్వుకునేవారు. "ఉరకాల్సి వస్తే చెప్పులు పనికిరావు బిడ్డా," అని ఊరుకునేది. నేను చేరిన మొదటి నెలల్లో ఆమె కూడా చెప్పులే వేసుకునేది. బూట్లు తర్వాత వచ్చాయి. ఎందుకు వచ్చాయో తెలిసినవాళ్లం నవ్వేవాళ్లం కాదు.

ఇంకో అలవాటు ఉండేది. బస్సులో పక్క సీటు మనిషి నిద్రపోతే ఆమెకు నిమ్మళం ఉండేది కాదు. కిటికీలోంచి చూస్తున్నట్టే కూర్చుని, వాళ్ల ఛాతీ లేచి పడటం గమనిస్తూ ఉండేది. ఒకసారి నేను పక్కనే ఉండి చూశాను. పెద్దమ్మ తండా స్టేజీ వచ్చేదాకా ఒక ముసలాయన ఊపిరి లెక్కపెట్టింది. ఆయన లేచి దిగిపోయాకే తన టిఫిను డబ్బా మూత తీసింది.

ఎనిమిదేళ్ల కిందటి మాట చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను.

నాది ఏన్కూరు దగ్గర పల్లె. పత్తి పండించే ఇల్లు. హాస్టల్లో నా గదిలో ఉన్నవాడు సంపత్. వాళ్లది ఇల్లెందు. తండ్రి బొగ్గు బావిలో పని. సంపత్ సన్నగా ఉండేవాడు, బట్టలు తనే ఉతుక్కుని పరుపు కింద పెట్టి మడత తేల్చేవాడు. తాగేవాడు కాదు. సీనియర్లు గదికి పిలిచి గ్లాసు అందిస్తే, "మా ఇంట్ల నా వాటా కూడ మా నాయినే తాగేసిండన్నా, నాకు మిగలలే," అనేవాడు. వాళ్లు పడీ పడీ నవ్వి వదిలేసేవారు. అలా నాలుగు నెలలు తప్పించుకున్నాడు.

డిసెంబర్లో ఒక ఆదివారం సీనియర్లు మాకు విందు అన్నారు. బూర్గంపాడు దగ్గర గోదావరి ఇసుకలో. కోళ్లు, బిర్యానీ గిన్నె, బీరు సీసాలు, ఎవరో ఊళ్లలోంచి తెచ్చిన రెండు క్యాన్ల ఇప్పసారా. పొద్దున పదకొండుకే మొదలుపెట్టారు. మా అందరినీ వరసగా కూర్చోబెట్టి, "ఇయ్యాల తాగనోడు మా జూనియర్ గాదు," అన్నాడు ఒక సీనియర్. సంపత్ మళ్లీ వాళ్ల నాయిన మాటే చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను సగం తాగి, ఎవరూ చూడనప్పుడు మిగతాది ఇసుకలో ఒంపేశాను. సంపత్‌కు ఆ తెలివి రాలేదు. మందు మింగినట్టు కళ్లు మూసుకుని గడగడా తాగేశాడు. ఖాళీ అయిందని మళ్లీ నింపారు. మూడో గ్లాసుకు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అతను ఏమీ తినలేదు. కాసేపటికి నిలబడలేకపోతుంటే నేనే భుజం పట్టుకుని ఒడ్డున తుమ్మచెట్టు నీడకు తీసుకుపోయాను. నీళ్లు అడిగాడు, ఇచ్చాను. "నన్ను ఒక్కన్నే ఇడ్సిపెట్టి పోకురా," అన్నాడు. "ఆట అయిపోంగనే వస్త," అన్నాను. వెల్లకిల పడుకోబెట్టి, ఎండ పడకుండా ముఖం మీద నా తువ్వాలు కప్పి, క్రికెట్టుకు పోయాను.

మధ్యలో ఎవడో చూసి వచ్చి, "గురక పెడుతున్నడు, మంచిగ పండుకున్నడు," అన్నాడు. ఇంకోడు, "సిస్టరమ్మ ఇల్లు ఈ గట్టు మీదనే గద. ఓసారి పిలుద్దామా," అన్నాడు. "ఆమెకు తెలిస్తే ప్రిన్సిపాల్‌కు తెలుస్తది, అందరం మూటముల్లె సర్దుకోవాలె," అన్నాడు సీనియర్. ఎవరూ పోలేదు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

ఆట అయ్యాక నేను వెళ్లి తువ్వాలు తీశాను. అప్పుడు చూసిన ముఖం గురించి రాయను.

ఇద్దరు ఉరికి పోయి ఆమెను తీసుకొచ్చారు. చెప్పులు ఇసుకలో దిగబడుతుంటే వాటిని వదిలేసి, వట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చింది. చర్చి నుంచి వచ్చి వంట చేస్తున్నదేమో, చేతులకు పసుపు ఉంది. పక్కన పడి ఉన్న నా తువ్వాలుతో నోరు శుభ్రం చేసింది, ఛాతీ మీద నొక్కింది, ఊదింది, మళ్లీ నొక్కింది. ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికి మా వైపు లేవు. ఒక ట్రాక్సు బండిని ఆపి ఎక్కించాం. దవాఖానా దాకా అతని ఛాతీ మీంచి ఆమె చెయ్యి తీయలేదు. ఎంతసేపటి నుంచి ఇలా ఉన్నాడని ఒక్కసారే అడిగింది. మేం బండి బయటికి చూశాం. బండి వంతెన మీదికి ఎక్కాక, ఎవరితోనో కాదు, ఊరికే అంది.

"నేను ఇంట్లనే ఉన్న గదరా."

ఆ మాట ఆమెను చివరిదాకా వదల్లేదని నాకు తెలుసు.

కాలేజీలో విచారణ పెట్టారు. నేను క్రికెట్టు ఆడుతున్నానని, సంపత్‌ను ఎవరు పడుకోబెట్టారో చూడలేదని చెప్పాను. ఇద్దరు సీనియర్లను పంపేశారు. నన్నెవరూ ఏమీ అనలేదు. సంపత్ మంచం ఖాళీగా ఉండేది. దాని వైపు తిరిగి పడుకోలేక, గోడ వైపు తిరిగి పడుకోలేక, చాలా రాత్రులు కూర్చునే ఉండేవాణ్ని.

పది రోజులయ్యాక సిస్టరమ్మ కబురు చేసింది. సిక్ రూమ్‌కు పోయాను. ఇనుప మంచం మీద నా తువ్వాలు ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి. అంచున చాకలి వేసిన నా నంబరు గుర్తు అలాగే ఉంది.

"నీదేనా బిడ్డా," అంది.

"కాదు సిస్టరమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి, ఫ్లాస్కు తీసుకుని బయటికి పోయింది. నేను వెళ్లిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది. కానీ ఆ మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. ఆమె తిరిగి వచ్చేసరికి తువ్వాలు నా ఒళ్లో ఉంది. గ్లాసులో ఉప్పు వేసిన వేడి గంజి పోసి నా చేతికిచ్చి, పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఎండ తగలకుండ కప్పినవు."

"అవ్."

"వెల్లకిల పండబెట్టినవు."

"అవ్ సిస్టరమ్మా."

నేను ఏడుస్తుంటే ఆపమనలేదు. ఏడుపు తగ్గాక, "ఇను. వెల్లకిల పండబెట్టద్దని నీకు తెల్వదు. ఎవ్వరు చెప్పలే. ఆ చెప్పకపోవుడు మా అసుంటి పెద్దోళ్ల తప్పు, నాది. వాన్ని ఒక్కన్నే ఇడ్సిపెట్టి ఆటకు పోయినవు చూడు, అది నీది. చూడలేదని అబద్ధమాడినవు, అదీ నీదే. అన్నీ ఒక్క మూట గట్టి నెత్తిన పెట్టుకోకు. దేనికది మొయ్యి," అంది.

నన్ను క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. పో, పోయి ప్రిన్సిపాల్‌కు చెప్పు అనీ అనలేదు. రెండు రోజుల తర్వాత నేనే పోయి చెప్పాను. ఆయన నా ముఖం చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, వెళ్లమన్నారు.

ఆ వేసవిలో ఆమె నన్ను ఇల్లెందు తీసుకుపోయింది. కార్మికుల క్వార్టర్లలో సంపత్ వాళ్ల ఇల్లు. వాళ్లమ్మ లోపలి గదిలోంచి రాలేదు. తండ్రి మొదటి షిఫ్టు దిగి వచ్చి, అప్పుడే స్నానం చేసినట్టుంది, కంటి రెప్పల అంచున బొగ్గు గీత ఇంకా పోలేదు. నేనెవరో సిస్టరమ్మ చెప్పింది. ఆయన నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"ఆఖరుకు ఏమన్న అన్నడా బిడ్డా?"

దారి పొడుగునా ఈ ప్రశ్నకు అబద్ధం తయారు చేసుకుంటూనే వచ్చాను. సిస్టరమ్మ నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తోంది.

"నీళ్లడిగిండు, ఇచ్చిన. ఒక్కన్నే ఇడ్సిపెట్టి పోకు అన్నడు. నేను పోయిన," అన్నాను.

ఆయన కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండనీ అనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని, తలుపు బయట ఆరేసిన బట్టల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను రోజు తాగి వచ్చెటోన్ని. వాని చిన్నతనం సంది. యాడ పడితె ఆడ పడిపోదును. వాడే నన్ను గుంజుకొచ్చి, ఒక పక్కకు తిప్పి, వీపు ఎనక మెత్త అడ్డం పెట్టి పండబెట్టేది. పక్కల్నే కూసొని సదువుకునేది. వెల్లకిల పడితె కక్కు గొంతుకు అడ్డం పడ్తదని వానికి ఎరుకే. నాకు చెయ్యనేర్చిండు. వానికి చేసెటోడే లేకపాయె."

లోపలి గదిలో గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. 

తిరుగు బస్సులో కొత్తగూడెం దాకా వచ్చాం. బస్టాండులో దిగాక, "పదేండ్ల పోరనికి తెలిసింది ఇంజనీరింగు సదివెటోళ్లకు తెల్వదు," అంది. "ఆగస్టుల కొత్త పిల్లలు వస్తరు. వాళ్లకు చెప్పాలె. నువ్వు నాతోని ఉండాలె."

ప్రిన్సిపాలు మొదట ఒప్పుకోలేదు. "మన క్యాంపస్‌లో మద్యం లేదు సిస్టరమ్మా. లేనిదాని మీద క్లాసు పెడితే ఉందని ఒప్పుకున్నట్టు కాదా," అన్నారు. "లేకపోతె నేను ట్రాక్సుల మోసుకపోయింది ఏంది సారూ," అంది ఆమె. ఆయన కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, ఒక గంట ఇస్తానన్నారు. ఒక షరతు. చివర పిల్లలందరి చేతా జీవితంలో మద్యం ముట్టమని ప్రతిజ్ఞ చేయించాలి. ఫోటో తీసి పేపరుకు ఇస్తారు.

"ఒట్టు మాత్రం పెట్టియ్య సారూ," అంది సిస్టరమ్మ. "ఒట్టు పెట్టినోడు తప్పితె దాక్కుంటడు. దాక్కున్నోన్ని నేనెట్ల బతికియ్యాలె?"

వాళ్ల చర్చి పెద్దలకూ ఇదే జవాబు చెప్పిందట. తాగడం పాపమని ఎందుకు చెప్పవని వాళ్లు అడిగితే, "మీరు చెప్పుండ్రి, ఆదివారం చెప్పుండ్రి. నా కాడికి వచ్చెటోడు సోమవారం వస్తడు," అందట.

ఆ ఆగస్టులో, కాలేజీ తెరిచిన మొదటి వారమే, డ్రాయింగు హాల్లో ఆ మొదటి క్లాసు జరిగింది. బల్లలు గోడకు జరిపించి అందరినీ నేల మీద కూర్చోబెట్టింది. అబ్బాయిలు, అమ్మాయిలు, కొత్త బట్టల్లో, పేర్లు కూడా ఇంకా సరిగా తెలియనివాళ్లు. అందరికీ చిన్న చీటీలిచ్చి పేరు లేకుండా రెండు ముక్కలు రాయమంది. హాస్టల్లో ఎంతమంది తాగుతారని నువ్వు అనుకుంటున్నావు. నువ్వు తాగుతావా.

చీటీలు నేనూ ఇంకొక అబ్బాయీ విప్పి చదివాం. మొదటిదానికి దాదాపు అందరూ 'అందరూ' అనో 'చాలామంది' అనో రాశారు. రెండోదానికి చీటీ వెనక చీటీ 'లేదు' అని వచ్చింది. 

"ఇన్నరా," అంది సిస్టరమ్మ. "మీరు భయపడే ఆ అందరు ఈ హాల్ల లేరు. ఎవనికి వాడు తనొక్కడే తక్కువ అనుకుంటున్నడు."

తర్వాత ఆమె చెప్పినవి చాలా మామూలు మాటలు. "వద్దు అనాల్సి వస్తె వద్దు అనుండ్రి, కారణం చెప్పకుండ్రి. కారణం చెప్పినోనితోనే వాదం పెట్టుకుంటరు. పోశిన గ్లాసు చేతుల పట్టుకొని తిరిగినా ఎవ్వడు చూడడు. తాగాల్నని నీకే అనిపిస్తె, ముందు కడుపుకు తిను. ఒక్కటి తీసుకొని ఆగు. పందెం కట్టకు. బండి తాళం తాగనోని దగ్గర పెట్టు. నీళ్లల్ల దిగకు. ఎవరితోని పోయినవో వాళ్లతోనే తిరిగి రా. చప్పట్లు కొట్టకుండ్రి. ఎవని గ్లాసుకు చప్పట్లు కొడుతున్నరో వాడు బతుకుతడో లేదో మీకు ఎరుక లేదు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చప్పట్ల సంగతి నేను చెప్పకముందే ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక కోయ అబ్బాయి లేచాడు. "మా ఊళ్ల పండుగకు ఇప్పసారా పోస్తరు సిస్టరమ్మా. మా తాత చేతికిస్తడు. అది తప్పా?"

"నీ తాత ఎంత పోస్తడు బిడ్డా?"

"ఆకు దొప్పల కొంచెం."

"ముందుగాల ఏం చేస్తడు?"

"నేల మీద చుక్క ఇడుస్తడు. పెద్దోళ్లు తాగినంకనే మాకు."

"ఎవరన్న బలిమికి నోట్ల పోస్తరా?"

"లేదు."

"మరింక తప్పేముంది. ఆ తాత అసుంటోడు హాస్టల్ల లేడు, అదే నా భయం," అంది. ఆ అబ్బాయి కూర్చున్నాడు. అతని ముఖంలో సిగ్గు పోయిందని నాకు అనిపించింది.

చివరికి నన్ను పిలిచి నేల మీద పడుకోమంది. వెల్లకిల పడుకున్నాను. పైన సీలింగు ఫ్యాను తిరుగుతోంది. చుట్టూ ముఖాలు. "ఇగో, గిట్ల పండబెడితె మనిషి పోతడు. పిలిస్తె పలకకపోతె, గిచ్చితె లేవకపోతె, అది నిద్ర కాదు. గురక వస్తె మంచిగ పండుకున్నడని సంబరపడకుండ్రి, గొంతుకు అడ్డం పడ్డట్టు. మజ్జిగ పొయ్యకుండ్రి, నిమ్మకాయ పిండకుండ్రి, నీళ్లు కొట్టకుండ్రి." ఆమె మోకాళ్ల మీద కూర్చుని, నా మోకాలు మడిచి, భుజం పట్టుకుని నన్ను పక్కకు తిప్పింది. నా చెయ్యి నా చెంప కింద పెట్టింది. వీపు వెనక ఒక సంచి అడ్డం పెట్టింది. "ఒకడు పక్కల్నే కూసోవాలె. ఇడ్సిపెట్టద్దు. ఇంకొకడు నా కాడికి ఉరకాలె. ఎవడు తెచ్చిండో నేను రాసుకోను. నా సిక్ రూముల పేర్లు రాసే పుస్తకమే లేదు."

నేను నేల మీద, చెంప కింద చెయ్యితో, గోడ వైపు చూస్తున్నాను. ఎనిమిది నెలల కిందట ఇంతే పని. ఒక మోకాలు, ఒక భుజం, ఒక సంచి. ఎంతసేపు పట్టిందని లెక్కపెట్టుకున్నాను. పదంకెలు లెక్కపెట్టేలోపే అయిపోయింది.

ఆ తర్వాత ఏటా నేనే పడుకున్నాను. చదువైపోయి ఉద్యోగం వచ్చాక కూడా ఆగస్టులో ఒక రోజు సెలవు పెట్టి మధిర నుంచి వచ్చేవాణ్ని. వేరేవాళ్లను పడుకోబెట్టవచ్చు కదా అని ఆమెను ఒకసారి అడిగాను. "నీకు వద్దనిపిస్తె చెప్పు," అంది. నేను చెప్పలేదు.

అందరూ ఆమె మాట విన్నారని రాయలేను. క్లాసులో ముందు వరసలో కూర్చున్న ఒక అబ్బాయి మూడో సంవత్సరంలో తాగి బండి నడిపి, కిన్నెరసాని దారిలో చనిపోయాడు. ఆ వారమంతా సిస్టరమ్మ సిక్ రూమ్ తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే ఉంది. "తాళం ఎవరన్న తీస్కోవాల్సుండె," అని మాత్రం రెండుసార్లు అంది.

విన్నవాళ్లూ ఉన్నారు. నేను చదువు ముగించే ఏడాది, దసరా ముందు ఒక మధ్యాహ్నం, నలుగురు మొదటి సంవత్సరం పిల్లలు ఒకణ్ని నవారు మంచంతో సహా మోసుకుని సిక్ రూమ్‌కు తెచ్చారు. హాస్టల్ వెనక జామాయిల్ తోటలో తాగారు. వాణ్ని మంచం మీద పక్కకు తిప్పే పెట్టారు. వీపు వెనక పుస్తకాల సంచి ఉంది. మోసేవాళ్లలో ఇద్దరు తూలుతున్నారు. అయినా తెచ్చారు. వాడు దవాఖానాలో రెండు రోజులు ఉండి లేచాడు.

తెచ్చిన నలుగురినీ కాలేజీ నుంచి తీసేయాలన్నారు ప్రిన్సిపాలు. సిస్టరమ్మ సిక్ రూమ్ తాళంచెవి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. "వీళ్లను పంపుతె, వచ్చేయేడు పిల్లలు మళ్ల చెట్టు కిందనే పండబెడుతరు సారూ. అప్పుడు నాకు ఈ రూము ఎందుకు?" ఆయన చాలాసేపు తాళంచెవి వైపు చూసి, దాన్ని ఆమె వైపుకు జరిపారు. నలుగురి ఇళ్లకూ ఉత్తరాలు పోయాయి, అంతే.

వాడు తిరిగి వచ్చిన రోజు నేను సిక్ రూమ్‌లోనే ఉన్నాను. సిస్టరమ్మ వాడి కళ్లు చూసి, నాలుక చూసి, గంజి పోసి ఇచ్చింది. "తాగు సంపత్," అంది. వాడి పేరు అది కాదు. వాడు అర్థంకాక నా వైపు చూశాడు. నేను తాగమని సైగ చేశాను. ఆమెకు ఆ పొరపాటు తెలిసిందో లేదో. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇంకా కొందరిని అలా పిలవడం విన్నాను. ఎవరమూ దిద్దలేదు.

ఇల్లెందుకు ఆమె ఏటా ఒకసారి పోయి వచ్చేది. సంపత్ తండ్రి మానేశాడా అని అడిగితే, "తక్కువ చేసిండు. మానలే. నాకు అబద్ధం చెప్తలేడు, అది చాలు," అంది.

నెల కిందట ఆమె ఖమ్మంలో దవాఖానాలో ఉందని తెలిసి చూడబోయాను. కాలేయానికి వచ్చిన జబ్బు. "చుక్క ముట్టని దానికి లివరు పాడయింది చూడు," అని కూతురితో నవ్విందట. నేను పోయేసరికి నిద్రపోతోంది. పక్కన కూర్చున్నాను. ఛాతీ మీద దుప్పటి లేస్తోంది, పడుతోంది. ఎంతసేపయిందో, ఆమె కళ్లు తెరవకుండానే అడిగింది.

"లెక్కపెడుతున్నవా?"

"అవ్ సిస్టరమ్మా."

"పెట్టు," అని మళ్లీ నిద్రలోకి పోయింది.

మేం మాట్లాడుకున్నది అదే ఆఖరు.

సమాధి రోజు పొద్దుటి నుంచీ వాన. బూర్గంపాడులో బస్సు దిగి నడిచిపోయాను. చర్చి వాళ్లు, బొగ్గు గనుల దవాఖానాలో ఆమెతో పనిచేసిన ముగ్గురు నర్సులు, బంధువులు. వాళ్ల వెనక, ప్రహరీ పొడవునా, నేను ఊహించనంత మంది కుర్రాళ్లు, అమ్మాయిలు. ఒకరికొకరు తెలిసినవాళ్లలా లేరు. వేర్వేరు ఏళ్ల వాళ్లు. కొందరు ఆఫీసు బట్టల్లో, కొందరు బ్యాగులు భుజాన వేసుకుని నేరుగా బస్సులు దిగి. ఒకమ్మాయి చంకలో బిడ్డ ఉంది. మామూలుగా ఇలాంటి చోట కలిస్తే ఏ బ్యాచి, ఏ బ్రాంచి అని అడుగుతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా నిలబడ్డారు. ప్రతివాళ్లకూ పక్కవాళ్లు ఎందుకు వచ్చారో తెలుసు.

పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరే ముందుకు వచ్చి పిడికెడు మట్టి వేశారు. వానకు మట్టి ముద్దయి చేతులకు అంటుకుపోతోంది. వేసినవాళ్లు పక్కకు జరిగి మళ్లీ ఆ ప్రహరీ దగ్గరికే పోయి నిలబడ్డారు. బంధువులు వెళ్లిపోయారు. పాస్టరుగారి గొడుగు గేటు దాటింది. కూతురు మా వైపు ఒకసారి చూసి, వెళ్లమని చెప్పలేక తనూ అక్కడే ఆగిపోయింది. వాన పెద్దదైంది. ముందు కదలడం ఎవరికీ చేతకాక, మట్టి చేతులు ఒళ్లకు తగలకుండా ఎడంగా పట్టుకుని, అందరమూ తడుస్తూ అలాగే నిలబడి ఉన్నాం.